గేట్ పాస్ ఉన్న కత్తి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు రెండు వారాల క్రితం ఫోన్ చేసి, "డి.ఏ. గురించి, మెడికల్ కార్డుల గురించి మాట్లాడడానికి చాలామంది ఉన్నారు. మీరు మాత్రం మీ మనసుకు నచ్చిన విషయం ఏదైనా పావుగంట మాట్లాడండి" అన్నారు. నా మనసుకు నచ్చిన విషయం ప్రస్తుతం నా జేబులోనే ఉంది. అది ఒక కత్తి. ముందు వరసలోవారు కంగారు పడకండి, ఒరలోనే ఉంది.

ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు ఈ డిసెంబరు 17 ఎందుకు మనకు పండుగరోజో చెప్పారు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు హక్కుగా రావలసినదని చెప్పింది. నేను సర్వీసులో ఉండగా సంపాదించుకుని ఇవాళ్టికీ అనుభవిస్తున్నవి రెండే రెండు. ఒకటి ఆ పెన్షను, రెండోది ఈ కత్తి. రెంటికీ నా దగ్గర కాగితాలున్నాయి. పెన్షనుకు పి.పి.ఓ. ఉంటుందని మీకు తెలుసు. కత్తికి గేట్ పాస్ ఉంది. ఆ కథే చెప్తాను.

ముందు కత్తి రూపురేఖలు. పిడి నాలుగంగుళాలు, బ్లేడు మూడంగుళాలు. బ్లేడు వెడల్పు ఒకప్పుడు ముప్పాతిక అంగుళం. ఇప్పుడు నా చిటికెన వేలంత కూడా లేదు. తక్కినదంతా యాభై ఏళ్ళుగా సానరాయి తిన్నది. బజారులో పెడితే పది రూపాయలకు కూడా ఎవరూ అడగరు.

1973లో నేను మన మెషిన్ షాపులో కొత్త ఫిట్టర్ని. టూల్ రూంలో ఒక మేస్త్రిగారు ఉండేవారు. పేరు చెప్పను. చెప్పకపోయినా మీలో సగంమందికి తెలిసిపోతుంది. ఇనుప కడ్డీలు కోసే పవర్ హాక్సా మిషను మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మజ్జిగలాంటి తెల్లటి కూలెంటు కారుతుంటే, ఆ బ్లేడు ముందుకీ వెనక్కీ నిదానంగా, మన క్యాంటీన్ టీలాగా, ఎంతకీ తరగకుండా ఆడుతుండేది. పళ్ళు అరిగినా, బ్లేడు విరిగినా తుక్కు డబ్బాలో పడేసేవారు. ఆ విరిగిన ముక్కల మీద షాపులో అందరికీ కన్నే. ఎందుకంటే దాంతో చేసిన కత్తికి సాటి లేదు. చెప్పులు కుట్టేవారు, పుస్తకాలు బైండు చేసేవారు కూడా హాక్సా బ్లేడు ముక్కను సానబెట్టించుకుని వాడటం మీరు చూసే ఉంటారు.

నాకు చిన్నప్పటినుంచీ చెక్క దొరికితే చెక్కడం, సుద్దముక్క దొరికితే చెక్కడం అలవాటు. ఒకరోజు ఆరంగుళాల ముక్క ఒకటి క్యారియర్ కింది గిన్నెలో పెట్టుకుని షిఫ్టు అయ్యాక బయల్దేరాను. మేస్త్రిగారు నా పక్కనే నడుస్తున్నారు. గేటు ఇంకా యాభై గజాలు ఉందనగా ఆయన ఆగారు.

"ఏమిట్రా, మీ అమ్మ ముద్దపప్పు పెట్టిందా ఇవాళ?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

"ముద్దపప్పు అలా మోగుతుందేమిట్రా?" అన్నారు.

అంతే. ఇంకో మాట లేదు. నన్ను వెనక్కి తిప్పి షాపుకు తీసుకెళ్ళి, ముక్క తీసిన చోటే పెట్టించారు. మర్నాడు ఫోర్‌మన్‌గారికి నాచేత అర్జీ రాయించారు. ఆయన చదివి నవ్వి సంతకం పెట్టారు. స్టోర్స్‌లో తూకం వేయించి, తుక్కు ధర కట్టించుకుని రసీదు ఇచ్చారు. 35 పైసలు. "ఈ రసీదు కాగితం ఖరీదు అంతకంటే ఎక్కువ" అని గుమాస్తా విసుక్కున్నాడు. చివరికి గేట్ పాస్ వచ్చింది. "విరిగిన హాక్సా బ్లేడు ముక్క, ఒకటి, తుక్కు" అని అందులో రాసి ఉంది. మడతల దగ్గర చిరిగితే అట్టముక్క మీద అంటించి దాచాను. ఇదిగో, మీరు చూడవచ్చు.

ఆ రోజు నాకు ఒళ్ళు మండిన మాట నిజం. అందరూ పట్టుకెళ్తున్నదే కదా, నన్నొక్కణ్ణే ఎందుకు ఇలా తిప్పించాలి అనుకున్నాను. మేస్త్రిగారు కనిపెట్టారు. "దొంగ కత్తి పట్టుకున్న చెయ్యి ఎవరైనా వెనకనుంచి వస్తే వణుకుతుందిరా అబ్బాయ్. వణికే చేత్తో నువ్వు ఏం చెక్కుతావు?" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు వయసు చాల్లేదు. వణుకు అంటే ఏమిటో ఈ మధ్యనే తెలిసింది. అక్కడికి తరవాత వస్తాను.

కత్తిని షాపులో సానబెట్టనివ్వలేదు ఆయన. సొంత పని షాపు మిషను మీద చెయ్యకూడదు కదా. వాళ్ళింటి అరుగు మీద చేత్తో తిప్పే చిన్న సానచక్రం ఉండేది. మూడు ఆదివారాలు నేను తిప్పాను, ఆయన పట్టుకున్నారు. నాలుగో ఆదివారం ఆయన తిప్పారు, నేను పట్టుకున్నాను. మామూలు ఉక్కు కత్తిని సానపడితే అంచు నీలంగా మారకుండా చూసుకోవాలని, నీలం తిరిగిందంటే దాని పదును ప్రాణం పోయినట్టేనని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. హై స్పీడ్ స్టీలు సంగతి వేరు. పాతరోజుల్లో బాగా వాడుకలో ఉన్న రకంలో 18 శాతం టంగ్‌స్టన్, 4 శాతం క్రోమియం, 1 శాతం వెనేడియం ఉండేవి. ఆ ఉక్కు 600 డిగ్రీల దాకా వేడెక్కినా గట్టిదనం పోనివ్వదు. కాని బాగా వేడెక్కినప్పుడు నీళ్ళలో ముంచితే మాత్రం కంటికి కనపడని పగుళ్ళు పడతాయి. "దీనికి తొందర పనికిరాదు. కొంచెం ఆనించు, గాలికి చల్లారనివ్వు, మళ్ళీ ఆనించు" అనేవారు. కోపం వచ్చినవాళ్ళతో ఎలా వ్యవహరించాలో కూడా నేను అక్కడే నేర్చుకున్నాను. మా ఇంటావిడ ఇందుకు సాక్ష్యం చెప్పేది.

పిడికి కొయ్య కావాలి. మా అమ్మ రోకలి అప్పుడే విరిగింది. చండ్ర రోకలి. ఎంత గట్టిదంటే, విరిగాక కూడా పొయ్యిలో పెట్టడానికి అమ్మకు మనసొప్పలేదు. అందులోంచి నాలుగంగుళాలు కోసి, బ్లేడు తోక దూర్చే గాడి తీసి, లక్క కరిగించి పోసి బిగించాం. మెడ దగ్గర చిన్న ఇత్తడి పొన్ను వేశాం. రోకలికి ఒక పొన్ను ఉంటే కత్తికి ఒక పొన్ను. ఇప్పటికీ వేసవికాలం చెయ్యి చెమర్చినప్పుడు ఆ పిడి పట్టుకుంటే మా అమ్మ పిండి దంచిన వాసన వస్తున్నట్టే ఉంటుంది నాకు. అది నా భ్రమ కావచ్చు. భ్రమలు లేకుండా ఒక పనిముట్టును యాభై ఏళ్ళు ఎవరూ ఉంచుకోరు.

కత్తి తయారైంది గాని దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు. వేపపుల్లలు చెక్కాను, పెన్సిళ్ళు చెక్కాను. అప్పుడు 1974 మే వచ్చింది. మే 8 నుంచి 27 దాకా, 20 రోజుల రైల్వే సమ్మె. మీలో పెద్దవాళ్ళకు ఆ రోజులు గుర్తు చెయ్యనక్కరలేదు. ఇళ్ళలో ఉండటానికి వీల్లేక చాలామందిమి తలో దిక్కు వెళ్ళాం. నేను కొండపల్లిలో మా మేనమామగారింట్లో తలదాచుకున్నాను. జేబులో కత్తి, చేతులు ఖాళీ, మనసులో దిగులు. పొద్దుపోక బొమ్మలు చేసేవారి వీధిలోకి వెళ్ళి ఒక పెద్దాయన అరుగు మీద కూర్చునేవాణ్ణి.

మొదటి రెండు రోజులు ఆయన పలకరించలేదు. మూడోరోజు, "ఏదీ, ఆ కత్తి ఇటివ్వు" అన్నాడు. తెల్ల పొణికి ముక్క ఒకటి తీసి అడ్డంగా కోశాడు. నేను గర్వంగా చూస్తున్నాను. కోసిన చోటు నాకు చూపించాడు. కొయ్య తెగలేదు, నలిగింది. అప్పుడు ఆయన చెప్పిన మాట నేను నా పిల్లలకు, అప్రెంటిసులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "గట్టి కొయ్యను మొండి కత్తితో కూడా కొయ్యొచ్చు అబ్బాయ్. మెత్తటి కొయ్యకే పదును కావాలి" అన్నాడు.

వినడానికి తిరకాసుగా ఉంది గాని ఇది నిజం. గట్టి కొయ్య కత్తికి ఎదురు నిలుస్తుంది, కాబట్టి తెగుతుంది. మెత్తటి కొయ్య ఎదురు నిలవదు. మొండి అంచు తగలగానే వంగిపోతుంది, లోపలికి అణిగిపోతుంది, చివరికి చిరిగిపోతుంది. బొమ్మ ముక్కు చెక్కుదామంటే ముక్కు ఊడి వస్తుంది. మా మేస్త్రిగారు ఇనుము మనిషి. ఆయన పెట్టిన అంచు ఇనుముకు తగినట్టు లావుగా ఉంది. పెద్దాయన నాచేత వారం రోజులు సానరాయి మీద దాన్ని పలచన చేయించాడు. ఆ తరవాత తోలుముక్క మీద నాలుగుసార్లు వెనక్కి లాగమన్నాడు. అప్పుడు కోస్తే పొణికి ముక్క కోసినచోట తమలపాకులా నిగనిగలాడింది.

ఆ 20 రోజుల్లో నేను చూసి నేర్చుకున్నది మీకు క్లుప్తంగా చెప్తాను. కొండపల్లి బొమ్మ ఒకే దుంగలో చెక్కేది కాదు. ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా చేసి అతుకుతారు. పొణికి చాలా తేలికైన కొయ్య. దాంట్లో తడి లేకుండా సన్నటి సెగ మీద ఆరబెడతారు. బాడిసతో, ఉలితో రూపం తెచ్చి, ఆకురాయితో నునుపు చేస్తారు. చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ముక్కలు అతుకుతారు, సందులు పూడుస్తారు. ఆపైన సుద్ద పూత. ఆరాక మేకవెంట్రుకల కుంచెతో రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఇలా వాళ్ళ చేతిలో రాని బొమ్మ లేదు. వాళ్ళది తరతరాల విద్య. నాది అరుగు మీద కూర్చుని ఏరుకున్నది. అందుకే నేను ఎప్పుడూ నా బొమ్మలను కొండపల్లి బొమ్మలని చెప్పుకోలేదు, ఒక్కటి కూడా అమ్మలేదు.

బాడిస నా చేతికి చివరిదాకా లొంగలేదు. నాకు అన్నిటికీ ఈ కత్తే. ముక్కు, చెవులు, వేళ్ళ సందులు, పంచె కుచ్చెళ్ళు, అన్నీ దీంతోనే. మా ఇంటావిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఇల్లంతా చెక్క పొట్టు చూసి, "ఏమండీ, ఇది ఇల్లా, రంపపు మిల్లా?" అంది. ఏడాది తిరక్కుండా రంగుల డబ్బాలు ఆవిడే కొనిపించింది. చెక్కడం నాది, రంగులు ఆవిడవి. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఆవిడే దిద్దేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

ఇక్కడున్నవారిలో చాలామంది ఇళ్ళ షోకేసుల్లో మా బొమ్మ ఒకటి ఉంటుంది. షాపులో ఎవరు రిటైరైనా వారి పని చేస్తున్నట్టుగా వారి బొమ్మ చెక్కి ఇవ్వడం నాకు అలవాటైంది. క్రేన్ డ్రైవరు, సుత్తి ఎత్తిన ఖలాసీ, క్యాంటీన్‌లో టీ పోసే ఆయన. జానెడు కూడా ఉండవు. మేస్త్రిగారు 1985లో రిటైరయ్యారు. ఆయన సానచక్రం ముందు నిలబడినట్టు చెక్కాను. ఆయనకు ఒక దుర్గుణం ఉండేది. అప్రెంటిసులు కళ్ళద్దాలు పెట్టుకోకపోతే చెవి మెలిపెట్టేవారు, తాను మాత్రం ఏనాడూ పెట్టుకునేవారు కాదు. నేను బొమ్మకు కళ్ళద్దాలు పెట్టాను. చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్ళూ ఎవరివల్లా కానిపని రిటైరయ్యే రోజున చేశావుగదరా" అన్నారు.

నేను 2008లో రిటైరయ్యాను. నా బొమ్మ చెక్కడానికి ఎవరూ లేరు. నేనే మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ మా నాన్న వచ్చాడు. నా ముఖం రాలేదు. మానుకున్నాను.

మనవాళ్ళందరికీ నవంబరు గండం ఒకటి ఉంది కదా, బతికున్నామని రుజువు చేసుకోవడం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర పెడితే చాలన్నారు. 2018లో నేను వెళ్ళి కుడి బొటనవేలు పెట్టాను. మిషను తీసుకోలేదు. తుడిచి పెట్టాను, తడిచేసి పెట్టాను, లాభం లేదు. కారణం ఇంటికొచ్చాక తెలిసింది. కత్తిని కుడిచేత్తో పట్టి, ఆ చేతి బొటనవేలు చెక్కకు అవతలివైపు ఆనించి, కత్తిని బొటనవేలి వైపే లాగుతూ చెక్కుతాం. మన ఆడవాళ్ళు బంగాళాదుంప చెక్కు తీసినట్టే అనుకోండి. అంచు ప్రతిసారీ బొటనవేలి దగ్గర ఆగుతుంది. అలా నలభై నాలుగేళ్ళు ఆగింది. కాయ కాచి, మీద సన్నసన్నటి గాట్లు పడి, భగవంతుడు గీసిన గీతలు పోయి కత్తి గీసిన గీతలు మిగిలాయి. చివరకు ఇంకో వేలు పెడితే పడింది. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతోంది కాబట్టి ఇప్పుడా బెంగ లేదు. కాని నేను బతికే ఉన్నానని నా బొటనవేలు చూస్తే నాకు తెలిసినంతగా ఏ మిషనుకు తెలుస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. ఇది ముఖ్యంగా ఈ సభకు వచ్చిన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు వినాలని చెప్తున్నాను.

2016లో మా ఇంటావిడ పోయింది. అప్పటినుంచి నా బొమ్మలకు రంగుల్లేవు. సుద్ద పూతతోనే ఆపేస్తాను. కళ్ళు దిద్దను. 2022లో ఒకరోజు సాయంత్రం, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు చెక్కుతూ కూర్చున్నాను. కత్తి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. నాలుగు కుట్లు. నాకు షుగరు ఉంది కాబట్టి మానడానికి నెలన్నర పట్టింది. మా అబ్బాయి భయపడిపోయాడు. తప్పులేదు. నేనైనా మా నాన్న విషయంలో అలాగే భయపడేవాణ్ణి. వాడు నాతో గొడవ పెట్టుకోలేదు. కత్తి తీసి ఎక్కడో దాచాడు. అడిగితే, "ఇంక ఎందుకు నాన్నా మీకు ఈ పనులు? హాయిగా టీవీ చూస్తూ విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

నేనేమీ అనలేదు. నాలుగు నెలలు టీవీ చూశాను. ఏం చూశానో అడిగితే చెప్పలేను. వేళకు తిన్నాను, వేళకు మందులు వేసుకున్నాను. చుట్టాలు వచ్చి, "పెద్దాయన ఎంత ప్రశాంతంగా ఉన్నారో" అన్నారు. వాస్తవానికి నాకు ఆ రోజుల్లో పొద్దున లేవాలనిపించేది కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. షాపు మూసేశాక కూడా పక్కకు పెట్టని పనిముట్లు కొన్ని ఉంటాయి. అవి మన చేతుల కిందే లెక్క.

సంగతి కనిపెట్టింది మా కోడలు. ఒకరోజు స్నానాలగదిలో కొత్త సబ్బుబిళ్ళ తీసుకోబోతే దానికి తొండం, చెవులు ఉన్నాయి. చెంచా కాడతో నేను చెక్కిన ఏనుగు. ఆ సబ్బు పట్టుకుని వెళ్ళి మా అబ్బాయి ముందు పెట్టింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రాత్రి భోజనాల దగ్గర నా పళ్ళెం పక్కన కత్తి ఉంది. ఒరలో.

"మామయ్యా, మీకు దెబ్బ తగులుతుందని భయపడ్డాం. కత్తి లేకపోతేనే ఎక్కువ దెబ్బ తగులుతోందని మాకు తట్టలేదు" అంది.

ఆ రోజు మేం ముగ్గురం ఒక ఒప్పందం రాసుకున్నాం. ఇందులో మీకు పనికొచ్చేది ఉందేమో చూడండి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా మాత్రమే, కిటికీ దగ్గర, కళ్ళజోడు పెట్టుకునే చెక్కాలి. ఎడమచేతి వేళ్ళకు, కుడి బొటనవేలికి మందపాటి తోలు తొడుగు వేసుకోవాలి. ముక్కను చేత్తో పట్టుకోకుండా వీలైనంతవరకు చిన్న వైసుకు బిగించాలి. ఒళ్ళు తేలుతున్నట్టున్న రోజు కత్తి ముట్టుకోకూడదు. ఇక నా షరతు ఒక్కటే. కత్తిని రోజూ పదును పెట్టనివ్వాలి. మొండి కత్తికి బలం ఎక్కువ పెడతాం, బలం పెట్టినప్పుడే జారుతుంది. నా వేలు తెగిన రోజున కత్తి మొండిగానే ఉంది. ఆ తప్పు కత్తిది కాదు, బద్ధకించిన నాది.

పిల్లలకు నా మనవి ఇది. మీ నాన్నకు ఒక కత్తి ఉండొచ్చు, మీ అమ్మకు కత్తెరో, కుట్టుమిషనో, కత్తిపీటో ఉండొచ్చు. ప్రేమతోనే మీరు వాటిని దాచిపెడతారు. దాచేముందు ఒక్కసారి అడగండి. వయసు మళ్ళినవాళ్ళం మెత్తటి కొయ్యలాంటివాళ్ళం. ఎదురు నిలవం. వంగిపోతాం, అణిగిపోతాం. ఏమీ అనలేదు కదా అని మీరు అనుకుంటారు. ఆ పెద్దాయన చెప్పినట్టు, మెత్తటి కొయ్య దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇక సోదర పెన్షనర్లకు ఒక మాట. లాక్కోవడం వేరు, ఇవ్వడం వేరు. మన చేతినుంచి ఎవరైనా లాక్కుంటే బాధపడతాం. అలాగని చివరిదాకా పట్టుకుని కూర్చోవడమూ మర్యాద కాదు. నిరుటినుంచి నా కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటే తెలియదు గాని, బొమ్మ కనురెప్ప దగ్గర తెలుస్తుంది. గీత తిన్నగా రావడం లేదు. మేస్త్రిగారు దొంగచెయ్యి వణుకుతుందన్నారు. నాది దొంగచెయ్యి కాకపోయినా వణికింది. వయసుకు గేట్ పాస్ చూపిస్తే ఒప్పుకోదు.

మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని పొట్టు ఏరేది. ఈ వేసవి సెలవుల్లో, "తాతయ్యా, నాకు నేర్పు" అంది. ముందు నెల రోజులు చెక్క ముట్టుకోనివ్వలేదు, సానరాయి మీదే కూర్చోబెట్టాను. తిట్టుకుంది. తరవాత పొణికి ముక్క ఇచ్చాను. పొణికి ఇప్పుడు వెనకటిలా సులభంగా దొరకడం లేదు, అందుచేత పొదుపుగా వాడమన్నాను. దసరాకు ఆ పిల్ల ఒక బొమ్మ చేసి నా చేతికిచ్చింది. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, మెడ వంచి ఏదో చెక్కుతున్న ముసలాయన. ముక్కు కాస్త ఎక్కువ కోసేసింది. చెవులు రెండూ ఒక ఎత్తులో లేవు. కాని అది మా నాన్న కాదు, నేనే. రంగులు కూడా వేసింది. మా ఇంటావిడ డబ్బాలు ఎండిపోతే కొత్తవి కొనుక్కుంది. కళ్ళు కూడా దిద్దింది.

ఆ రోజే కత్తి ఇచ్చేశాను. కత్తి చేతికి ఇవ్వకూడదంటారు కదా, బల్లమీద పెట్టి తీసుకోమన్నాను. గేట్ పాసు, రసీదు కూడా పక్కన పెట్టాను. రసీదు చదివి, "ఊరికే వద్దు తాతయ్యా, 35 పైసలు ఇస్తాను" అంది. కాని 35 పైసలు ఎక్కడ దొరుకుతాయి? 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అందుకని రూపాయి ఇచ్చింది. నేను ఇంకా 65 పైసలు బాకీ ఉన్నాను.

ఇప్పుడు ఆ పిల్ల కాలేజీకి వెళ్ళినప్పుడు పొద్దున రెండు గంటలు నాకు కత్తి ఇస్తుంది. కనురెప్పల జోలికి పోను. ఏనుగులు, తాడిచెట్లు, వణికినా పరవాలేదనిపించే బొమ్మలు చేసుకుంటాను. తాడిచెట్టు కొంచెం వంకరగా ఉంటేనే అందం.

మొదట్లో నేను నా జేబులో ఉందని చెప్పిన ఈ కత్తి ఇప్పుడు నాది కాదు. మీకు చూపించడానికి అరువు తెచ్చాను. పొద్దున బయల్దేరేటప్పుడు మా మనవరాలు నోటుపుస్తకంలోంచి కాగితం చింపి రాసిచ్చింది. "కత్తి, ఒకటి. సాయంత్రంలోగా తిరిగి ఇవ్వవలెను" అని సంతకం కూడా పెట్టింది. సభ ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే కాబట్టి ఇంతటితో ముగిస్తాను.